రెండు వందల అరవై గ్రాముల గాలపు కర్ర

నడక 41, బయలుదేరే రోజు

ఈ పుస్తకంలో ముందు పేజీలు, కొండ మీది వాన మీటర్లకు మా చేత బ్యాటరీలు మోయించే మండలివి. మీటరు నంబరు, చినుకు కొలత, బ్యాటరీ మార్చిన వేళ, నా వేలిముద్ర. వెనక పేజీలు ఎవరూ తిప్పరు కాబట్టి అవి నావి. అట్ట చింపి పారేశాను. నలభై గ్రాములు తగ్గింది.

నా పేరు పోలి. ఇరవై రెండేళ్ళు. బడికి పోలేదు. బ్యాటరీ పెట్టెల మీది హెచ్చరికలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. అందుకే నాకు అందరికంటే ముందు వచ్చిన మాట ‘ప్రమాదం’.

ఇవాళ గేటు దగ్గర కొత్త కాగితం అంటించారు. బ్యాటరీలు మారాయి. పాతది మూడు వందల గ్రాములు. కొత్తది మూడు వందల డెబ్బై అయిదు. మనిషికి పదహారు మీటర్లు, పదహారు బ్యాటరీలు. అంటే మూటలో కిలో రెండు వందలు పెరిగింది. మూట మాత్రం పద్నాలుగు కిలోలు దాటకూడదు. మరి ఎక్కడ కోశారు? తిండిలో. పన్నెండు రోజుల నడకకు ఇరవై నాలుగు ముద్ద పొట్లాలు ఇచ్చేవాళ్ళు, పూటకొకటి. ఇక మీదట పద్దెనిమిది. పొట్లం రెండు వందల గ్రాములు. ఆరు పొట్లాలు తీసేస్తే కిలో రెండు వందలు. ఎంత ముచ్చటగా సరిపోయిందో చూడండి! ఈ లెక్క వేసినవాడికి ఆ రోజు రాత్రి భోజనం బాగా అరిగి ఉంటుంది.

కాటా దగ్గర కూర్చునే గౌరీశంకర్‌ని అడిగాను, పన్నెండు రోజులకు ఇవి ఎలా చాలుతాయని.

"ఒక పూట తినకపోతే ఎవరూ చచ్చిపోరమ్మా. నేను శనివారం శనివారం ఉపవాసం ఉంటాను" అన్నాడు.

నా వెనక వరసలో ఉన్న రాజేలు ఊరుకునే రకం కాదు. "సనివారం ఉపోసం ఉన్నోడికి ఆ బొజ్జ ఆదివారం ఎలగొచ్చిందో కనుక్కో పోలీ" అంది. వరస వరసంతా నవ్వింది. నవ్వి, పద్దెనిమిది పొట్లాలు తీసుకుని గేటు దాటింది. నేనూ దాటాను. మా కోపం గేటు ఇవతల ఉన్నంతసేపే.

నాతో నడిచేది దాలినాయుడు మావ. వరసకు మావ కాదు, నడక నేర్పిన మావ. యాభై ఎనిమిదేళ్ళు. చక్కెర జబ్బు. పొద్దున్నే మాత్ర మింగుతాడు. మింగాక కడుపులో ఏదో ఒకటి పడకపోతే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, కళ్ళు తేలేస్తాడు. పద్దెనిమిది పొట్లాలు నన్ను చంపవు. మావను చంపుతాయి.


నడక 41, మూడో రోజు

అయిదో మీటరు కింద నల్లమడుగు ఉంది. బ్యాటరీ మార్చి నీళ్ళకు దిగితే చేపలు! మడుగు నిండా. కింది ఊళ్ళు ఖాళీ చేయించి పదిహేనేళ్ళయింది. వల వేసేవాడు లేడు, మందు పెట్టేవాడు లేడు. కొర్రమీను ఒకటి నా మోకాలి పక్కనుంచి వెళ్ళింది, ఈ మడుగు తన పుట్టిల్లు అన్నట్టు.

అడవి నుంచి ఏదీ కిందికి తేకూడదని మండలి కాగితం ఉంది. పైన తిని రావద్దని ఏ కాగితమూ లేదు. అన్ని కాగితాలూ చదివాను. నాకు వేరే పుస్తకాలు లేవు కదా.

మావ దగ్గర రెండు గాలాలు, నైలాన్ దారం ఉన్నాయి, టోపీ అంచులో దాచినవి. చేత్తో విసిరాం. మడుగు చుట్టూ పులికంప, మనిషి ఎత్తు. విసిరితే కంపలో పడుతుంది. దగ్గరికి పోతే మన నీడ చూసి చేప జారుకుంటుంది. రెండు గాలాలూ కంపకే పోయాయి. కంప మీదుగా చెయ్యి చాపాలంటే కర్ర కావాలి.

కర్ర అడవిలో దొరకదా అంటే, దొరకదు. మూడేళ్ళ కిందట వెదురంతా ఒక్కసారి పూసి చచ్చిపోయింది. ఎండిన వెదురు పట్టుకుంటే పిండి. కొత్త మొలకలు చిటికెన వేలంత ఉన్నాయి, వాటికీ మండలి బిళ్ళలు కట్టింది. మొలక పోతే వచ్చే నడకలో మన పేరు పోతుంది.


నడక 41, ఏడో రోజు

పైన వానల కోసం మబ్బు పొడి చల్లుతారు. ఆ పొడిలోకి వెళ్ళిన డ్రోను ఏదీ తిరిగి రాదు. మర బిగుసుకుపోతుంది, కొండకు తగిలి పడుతుంది. అందుకే మా కాళ్ళకు ఇంకా గిరాకీ. దారి పొడుగునా వాటి ఎముకలే. ఒకదాని ఏంటెన్నా విరిచాను. డెబ్బై గ్రాములు, మడిస్తే మూరెడు. గెలిచేశాం అనుకున్నాను.

మావ దాచిన ఇంకో గాలం తీశాడు. (మనిషి దగ్గర ఎన్ని ఉన్నాయో అడిగితే చెప్పడు.) జెల్ల పడింది. లాగాను. దాని దవడ చీరుకుపోయి జెల్ల నీళ్ళలోకి, గాలం నా చెవి పక్కకు. ఇంకోసారి. ఈసారి దారం తెగింది. ఇనుము వంగదు. చేప గింజుకున్న ప్రతిసారీ ఆ గింజుకోవడమంతా దారం మీదే పడుతుంది.

"కర్రకి దయుండాల గుంటా. అది కాసింత ఒంగి చేపని అలవనివ్వాల. ఈ ఇనపముక్కకి దయేటుంది?" అన్నాడు మావ.

"మండలిది కదా మావా. ఎక్కణ్ణించి వస్తది?"

ఈ రెండు రోజులూ రోజుకొక పొట్లం. మావ నడిచాడు. నేను వెనకాల నడిచాను, పడితే పట్టుకోవడానికి.


విడిది, శనివారం సంత

నాలుగు రోజుల విడిది. సంతకు పోయాను, స్ప్రింగు కాటా జేబులో వేసుకుని. నది ఒడ్డు నుంచి వచ్చే చేపల సామాన్ల ముసలాయన మూడు కర్రలు చూపించాడు.

మొదటిది లావుపాటి ఫైబర్ కర్ర. "ఏనుగునైనా లేపుద్ది" అన్నాడు. నాలుగు వందల గ్రాములు. రెండు బారల పొడుగు, మడత లేదు. పక్కన పెట్టేశాను. రెండోది రెండు ముక్కల కర్ర. చేతికి బాగుంది, పట్టుకుంటే మనదే అనిపించింది, కానీ ఒక్కో ముక్క నా ఎత్తుంది. మూటకు అడ్డంగా కడితే కంపలో చిక్కుకుని నన్ను వెనక్కి లాగుతుంది. మూడోది కార్బన్‌ది. ఒకదాంట్లోంచి ఒకటి జారే పది గొట్టాలు. మూసేస్తే మూరెడు. సాగదీస్తే ఇద్దరు మనుషుల ఎత్తు. తూచాను. ఎనభై ఎనిమిది గ్రాములు.

మళ్ళీ తూచాను. ఎనభై ఎనిమిదే.

ముసలాయన నన్నూ నా కాటానూ చూసి తల గోక్కున్నాడు. "ముప్పయ్యేళ్ళ నుంచి అమ్ముతున్నానమ్మా. అందరూ ఏ చేప ఆగుద్దని అడుగుతారు. కర్ర ఎంత తూగుద్దని అడిగినదానివి నువ్వొక్కదానివే."

"నేను మోసేదాన్ని బాబూ" అన్నాను.

నా రెండో జత బూట్లు ఇచ్చి కార్బన్ కర్ర తెచ్చుకున్నాను.

మావకు చూపించాను. రెండు వేళ్ళతో పట్టుకుని ఊపాడు. "ఈనపుల్లలాగుంది" అన్నాడు. తిరిగి నా చేతిలో పెట్టాడు.

ఇక ఎనభై ఎనిమిది గ్రాములు ఎక్కడో తగ్గించాలి. పళ్ళ బ్రష్షు పిడి కోసేశాను, ఏడు గ్రాములు. చెంచా పిడి, పన్నెండు. అరచేతంత అద్దం తీసేశాను, ముప్పై ఒకటి. చొక్కా గుండీలు రెండు ఉంచి మిగతావి తెంపాను. సబ్బు సగం. తల నూనె మొత్తం. ఈ పుస్తకంలో నిండిపోయిన మండలి పేజీలు అప్పజెప్పేశాను. సరిగ్గా ఎనభై ఎనిమిది. పండగలా ఉంది నాకు. చిన్నప్పటి నుంచి తక్కువ తూగడమే తెలివి అని నేర్చుకున్నవాళ్ళం మేము. ఇక్కడ పసిపిల్ల పుట్టినా ముందు బరువు చెప్పి, తర్వాత ఆడో మగో చెబుతారు.


నడక 42, మూడో రోజు

నల్లమడుగు. పదకొండు పరిగె చేపలు! కర్ర పొడవుగా సాగి కంప మీదుగా వెళ్ళి సరిగ్గా నీళ్ళ మధ్యకు దారం దించింది. బెండు మునగ్గానే మణికట్టు తిప్పితే చాలు. మావ వాటిని ఆకులో చుట్టి నిప్పుల్లో పెట్టాడు. ఉప్పు లేదు, కారం లేదు. అయినా ముళ్ళు కూడా నాకాను.

మావ మొహంలో రంగు వచ్చింది. "ఏటే అలగ సూస్తన్నావు? నా మొగమ్మీద మీటరుందేటి?" అన్నాడు.

ఉంది మావా. నేను రోజూ రాసుకునే మీటరు అదే.


నడక 42, ఆరో రోజు

గొట్టాల మధ్య ఇసుక దూరింది. మూడో గొట్టం సాగదు, అయిదోది మూసుకోదు. గంటసేపు నీళ్ళలో కడిగి, చొక్కా అంచుతో తుడిచి, మావ పళ్ళతో పట్టి లాగితే వచ్చింది. సన్నటి పని సన్నగానే చెడుతుంది. అయినా పని చేస్తోంది. ఇవాళ నాలుగు జెల్లలు. పొట్లాలు మిగులుతున్నాయి. పద్దెనిమిదితో పన్నెండు రోజులు గట్టెక్కుతాం. కిందికి వెళ్ళాక ఆ కాగితం ముందు నిలబడి ఇకిలిస్తాను.


నడక 42, తొమ్మిదో రోజు

కొర్రమీను పడింది.

పడినప్పుడే తెలిసింది, అది పరిగె కాదని. కర్ర కొన నీళ్ళలోకి వంగింది, ఇంకా వంగింది. చేతికి ఒక మనిషి లాగినట్టు ఉంది. మావ అవతలి గట్టు నుంచి "వదులు, వదులు, దానికి దారమియ్యి!" అని అరుస్తున్నాడు. ఇచ్చాను. దారమే కాదు, ఉన్నదంతా ఇచ్చాను. అది ఒక్క మలుపు తిరిగింది. టప్‌మంది. రెండో గొట్టం దగ్గర ఈనపుల్ల విరిగినట్టే విరిగింది. పైముక్క కంపలో వేలాడింది. చేప దారంతో సహా వెళ్ళిపోయింది.

రెండు పూటల తిండి అది. మిగిలిన నాలుగు రోజులకు అసలు చేపే లేదు, ఎందుకంటే కర్ర లేదు.

ఇది నిన్నటి మాట. ఇవాళ పొద్దున పన్నెండో మీటరు మెట్ల దగ్గర మావ పడిపోయాడు. ముందు కూర్చున్నాడు, తర్వాత ఒరిగిపోయాడు. చేతి పట్టీ కుయ్యిమని మోగింది. మేం పడినప్పుడల్లా అది కిందికి కబురు పంపుతుంది. మందు పంపదు, మనిషిని పంపదు, కబురు మాత్రం పంపుతుంది. నా పొట్లం చింపి, నీళ్ళలో కలిపి, పెదవుల మధ్య పోశాను. కాసేపటికి కళ్ళు తెరిచాడు.

అతని మూట విప్పి చూశాను. ఆరు పొట్లాలు ఉన్నాయి. నాలుగే ఉండాలి.

"తినలేదా?"

"సివర్న సాలవేమోనని..."

"ఎవరికి చాలవని?"

మావ పొట్లాల వంకా చూడలేదు, నా వంకా చూడలేదు. నాకు కోపం వస్తే ఏడుపు రాదు. ఇవాళ రెండూ వచ్చాయి.


విడిది, రెండో రోజు

కాగితం వచ్చింది. దాలినాయుడు ఒకసారి పడినట్టు పట్టీ చెప్పింది. రెండోసారి పడితే నడక పుస్తకంలో పేరు కొట్టేస్తారు. కొట్టేసినవాళ్ళను పొడి మిల్లుకు పంపుతారు, మబ్బు పొడి సంచులు నింపే పనికి. అక్కడికి వెళ్ళినవాళ్ళు దగ్గుతూ తిరిగి వస్తారు, లేదా రారు. అంటే వచ్చే నడక మావ నిలబడి పూర్తి చేయాలి. అంతే. ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

విరిగిన కర్ర అతని గడప ముందు పెట్టాను. "ఇంకా తేలికదీ, ఇంకా గట్టిదీ ఎక్కడైనా దొరుకుతుందేమో చూస్తాను" అన్నాను.

మావ నా మీద ఎప్పుడూ అరవలేదు. ఇవాళ అరిచాడు.

"నువ్వా కర్ర ఎవులి కోసం కొన్నావే? చేప కోసమా, కాటా కోసమా?"

సంతలో ముసలాయన అన్నదీ ఇదే. నేను కాటాకు నచ్చే కర్ర ఏరుకున్నాను. ఏ చేప పడుతుందో ఆలోచించలేదు, గేటు దాటుతుందా లేదా అన్నదే చూశాను. పళ్ళ బ్రష్షు కోసుకుని పండగ చేసుకున్నాను! వాళ్ళు నా తిండి కోస్తే తిట్టాను, నా అద్దం నేనే కోసుకుని మురిసిపోయాను.

మావ కాసేపటికి మెత్తబడ్డాడు. "కుసో" అన్నాడు. కూర్చున్నాను. అప్పుడు చెప్పాడు, నాకు ఎవరూ ఎప్పుడూ చెప్పని మాట.

"ఈ పద్నాలుగు కిలోల లెక్క ఎక్కడిదనుకున్నావు? ఆళ్ళు పెట్టింది కాదు. మేం పెట్టించింది. పంతొమ్మిదేళ్ళైంది. అప్పుడు మనిసికి ఇరవై అయిదు కిలోలు మోయించీవోళ్ళు. నడుములిరిగి పోనారు. ముప్పై రోజులు గేటుకడ్డంగా కూకున్నాం. మీటర్లన్నీ సచ్చిపోనాయి. అప్పుడు దిగొచ్చి పద్నాలుగన్నారు."

"మనకోసం పెట్టిన పద్నాలుగుతో మన తిండే కోస్తున్నారా?"

"ఉండు, ఇను. అప్పుడు కాటా మీద ముందు మన సరుకే పెట్టీవోళ్ళం. మన తిండి, మన నీళ్ళు, మన గొంగళి, మన కత్తి. ముందు మనిసి, తరవాత సరుకు. మనది తూగినాక మిగిలిన జాగాలోనే ఆళ్ళ పెట్టెలు. పట్టినన్నే పట్టాయి."

నేను చూసిన కాటా మీద ముందు ఎక్కేది బ్యాటరీలే. పదహారూ ఎక్కాక మిగిలిన బరువులో మా బతుకు సర్దుకుంటాం. ఎప్పుడు తిరగబడిందని అడిగాను.

"ఓ ఏడు వాన బేగొచ్చేసింది. తొందరని ఆళ్ళ పెట్టెలు ముందెట్టించారు. ఈ ఒక్కసారికే అన్నారు. మరసటేడూ అలగే పెట్టేసినాం." గోరుతో నేల గీకాడు. "ఎవులూ లాక్కోలేదే పోలీ. మేమే ఊరుకున్నాం."


విడిది, మూడో రోజు

మావ తన చేతికర్ర తెచ్చి నా ముందు పడేశాడు. వెదురు పూయకముందు కోసిన కర్ర. లోపల డొల్ల లేని జాతి. ఇరవై ఏళ్ళుగా అతని చెమట తాగి నల్లబడింది. గేటుకు అడ్డంగా కూర్చున్న ముప్పై రోజులూ అతని ఒళ్ళో ఉన్నది ఇదేనట.

"కొయ్యి" అన్నాడు.

"దీన్నా? మరి నువ్వు ఏం పట్టుకుని నడుస్తావు?"

"ఇడిది ఎనకాల పడున్న డ్రోను కాలొకటి ఇరుసుకుంటాను. అదెలాగూ నడవనేదు, నాతోనైనా నడుస్తాది."

మూడు ముక్కలు కోశాం. ఒక్కో ముక్క నా చెయ్యంత. మావ కత్తితో చెక్కాడు. అడుగు ముక్క బొటనవేలంత లావు, పైది చిటికెన వేలంత. అతుకులకు అదే డ్రోను గొట్టంలోంచి జానెడు జానెడు తొడుగులు కోశాను, ఒక ముక్క ఇంకో ముక్కలో బిగుసుకునేలా. కొసకు నా విరిగిన కార్బన్ కర్రలో బాగున్న సన్నగొట్టం పెట్టాం. ఏడిపించిన ప్రతి కర్రలోంచీ కొంత తీసుకున్నాం. విప్పితే మూటలో ఇమిడిపోతుంది, నాలుగు ముక్కలు. బిగిస్తే కంప దాటి నీళ్ళ మధ్యకు చేరుతుంది.

నీళ్ళ తొట్టి గట్టు మీద నిలబడి, దారం కట్టి నిండు కుండ లేపాను. కర్ర వంగింది. విల్లులా వంగింది. కుండ నేల వదిలి లేచింది. దించాను. కర్ర నిదానంగా తన నిటారుకు తాను వచ్చేసింది. నా మొహంలో ఏం కనిపించిందో, మావ నవ్వాడు.

తూచాను. అలవాటు. రెండు వందల అరవై గ్రాములు.

దారం, గాలాలు, సీసం గుళ్ళు ముప్పై అయిదు. ఉప్పూ కారం పొట్లం, చిన్న మూకుడు కలిపి ఎనభై. మొత్తం మూడు వందల డెబ్బై అయిదు.

ఒక కొత్త బ్యాటరీ ఎంత తూగుతుందో, సరిగ్గా అంత.

రాజేలు ఇంటికి వెళ్ళి చెప్పాను. ఆమె చేటలో చోళ్ళు (రాగులు) చెరుగుతోంది. విని, చెరగడం ఆపింది. "ఓలమ్మ, అంటే ఇన్నేళ్ళూ మనం తలకిందులుగా తూగుతున్నామేటే?" అంది. చేట పక్కన పెట్టి పక్కింటికి పోయింది. పక్కింటావిడ ఆ పక్కింటికి. పొద్దు గుంకేసరికి విడిది మొత్తం తిరగల్లు తిరుగుతున్న చప్పుడు. ఒక్కో బ్యాటరీ తూకానికి చోడిపిండి పొట్లాలు కడుతున్నారు.


నడక 43, బయలుదేరే రోజు

వరసలో నేను ముందు నిలబడ్డాను. దగ్గర్లో మబ్బు కట్టింది. వాన మొదటి వారమే మండలికి కొలతలు ఎక్కువ కావాల్సింది. ఆ సంగతి నాకు తెలుసు, గౌరీశంకర్‌కూ తెలుసు.

అతను ఎప్పటిలా బ్యాటరీ పెట్టె కాటా మీదికి తోశాడు. నేను దాన్ని రెండు చేతులా ఎత్తి బల్ల మీద పెట్టాను.

"ఏం చేస్తున్నావమ్మా?"

"తూస్తున్నాను సార్."

ముందు నీళ్ళ తిత్తి పెట్టాను. పద్దెనిమిది పొట్లాలు పెట్టాను. గొంగళి, కత్తి, మీటరు సామాన్లు, కిందటిసారి తీసేసిన అద్దం, సబ్బు, నూనె. ఆ తర్వాత కర్ర, నాలుగు ముక్కలూ ఒక్కొక్కటే, అతనికి కనిపించేలా. దారం. మూకుడు. ఉప్పు. అప్పుడు బ్యాటరీలు ఎక్కించడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. పదిహేనోది పెట్టేసరికి ముల్లు పద్నాలుగు మీద ఆగింది. అటూ ఇటూ కదల్లేదు.

పదహారోది బల్ల మీద ఉండిపోయింది.

"ఒకటి మర్చిపోయావు" అన్నాడు.

"మర్చిపోలేదు. పట్టలేదు. పద్నాలుగు నిండిపోయింది."

"ఆ కర్ర తీసెయ్. పడుతుంది."

"కర్ర నాది. ముందు మనిషి, తర్వాత సరుకు. ఈ పద్నాలుగు ఎందుకు పెట్టారో మీ పెద్దవాళ్ళను అడగండి. తెలియకపోతే ఇదిగో, పెట్టించినాయన ఇక్కడే ఉన్నాడు."

దాలినాయుడు మావ డ్రోను కాలు ఊతంగా పట్టుకుని ముందుకొచ్చాడు. ఆ ఇనపకాలిని చూసి గౌరీశంకర్ కళ్ళు చిన్నవి చేశాడు. అది కూడా మండలిదే కదా అని ఆలోచిస్తున్నట్టుంది.

"నువ్వేనా పడిపోయింది? ఇంకోసారి పడితే తెలుసుగా?"

"పడకూడదనే బాబూ ఇదంతా" అన్నాడు మావ. చోడిపిండి పొట్లం ముందుగా కాటా మీద పెట్టాడు. మెల్లగా, దేవుడికి పెట్టినట్టు.

గౌరీశంకర్ గొంతు పెంచాడు. "ఆ మిగిలిన బ్యాటరీ ఎవరు మోస్తారు? పదహారో మీటరు చచ్చిపోతుంది!"

వెనక నుంచి రాజేలు. "నువ్వు మొయ్యి బాబూ. సనివారం ఉపోసమే కదా, దారికి తిండి బరువు కూడా ఉండదు."

ఈసారి వరస నవ్వి ఊరుకోలేదు. రాజేలు తన చోడిపిండి తీసుకుని కాటా దగ్గరికి వచ్చింది. ఆమె వెనక ఇంకొకరు. అందరూ ఇరవై రెండు మంది. ఒక్కొక్కరూ ముందు తమది తూచుకున్నారు, తర్వాత పట్టినన్ని బ్యాటరీలు. బల్ల మీద ఇరవై రెండు బ్యాటరీలు బారుగా నిలబడ్డాయి. వాటిని చూస్తే నాకు పంతొమ్మిదేళ్ళ కిందట గేటుకు అడ్డంగా కూర్చున్నవాళ్ళ వరస కనిపించింది. నేను చూడలేదు, అయినా కనిపించింది.

గౌరీశంకర్ లోపలికి వెళ్ళి ఫోనులో మాట్లాడాడు. చాలాసేపు. ఒకసారి అరిచాడు, తర్వాత ‘అవును సార్, అవును సార్’ అన్నాడు. మేం నిలబడ్డాం. ఎవరూ మూట దించలేదు. తూర్పున ఉరిమింది. బయటికి వచ్చి అందరి పేర్లూ రాసుకున్నాడు. మొదటి పేరు నాది. ‘పోలి’ అని రాస్తుంటే "స్పష్టంగా రాయండి సార్" అన్నాను.

గేటు తెరిచాడు.

తిరిగి వచ్చాక ఏం చేస్తారో తెలియదు. కొత్తవాళ్ళను తెస్తారేమో. తేనివ్వండి. కాటా దగ్గర ఏది ముందు పెట్టాలో వాళ్ళకూ చెబుతాం.


నడక 43, తొమ్మిదో రోజు

పన్నెండో మీటరు. కిందటి నడకలో మావ పడిన మెట్లు. ఇవాళ ముందు అతనే ఎక్కాడు, ఇనపకాలు టకటకలాడిస్తూ. పైకి వెళ్ళి, "ఏటే, ముసల్దానిలాగ వస్తన్నావు" అని నన్ను ఎక్కిరించాడు. పట్టీ మోగలేదు.

సాయంత్రం కొండ అవతలి మడుగు. కర్ర ముక్కలు బిగించాను. ఎర గుచ్చి కంప మీదుగా వేశాను. బెండు ఒక్కసారిగా మాయమైంది.

పట్టింది కొర్రమీనే. కర్ర వంగింది. ఈసారి నేను లాగలేదు. అది పరిగెత్తినప్పుడల్లా కర్రను వంగనిచ్చాను, అది ఆగినప్పుడల్లా కర్ర దాన్ని కాస్త ఇటు తెచ్చింది. మావ అరవలేదు. గట్టు మీద గొంతుక్కూర్చుని చూస్తున్నాడు, తన చేతికర్ర నీళ్ళతో మాట్లాడుతుంటే విన్నట్టు. నా చేతులు బండబారిపోయాక చేప పక్కకు ఒరిగింది. మావ మోకాళ్ళ లోతు దిగి, మొప్పల్లో వేళ్ళు పెట్టి, రెండు చేతులా ఎత్తుకొచ్చాడు.

మూకుడులో పట్టలేదు. తల ఒకసారి, తోక ఒకసారి వండాం. ఉప్పూ కారం సరిపోయాయి. మావ మాత్ర వేసుకుని కడుపు నిండా తిన్నాడు. తిని, అక్కడే గట్టు మీద వెల్లకిలా పడుకుని, నాకు తెలియని పాట ఏదో గొణిగాడు.

ముందు పేజీలో మండలి కోసం రాశాను: పన్నెండో మీటరు, బ్యాటరీ మార్చడమైనది. పదహారో మీటరు, బ్యాటరీ లేదు.

ఇక్కడ నా కోసం రాస్తున్నాను: కొర్రమీను, ఒకటి. స్ప్రింగు కాటా జేబులోనే ఉంది. తూచలేదు.